పండగ మర్నాటి బొక్కల సూప్

రైతన్నలారా, అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. పంట చేతికొచ్చినందుకు దండం పెట్టుకునే పండగ. 1863లో అధ్యక్షుడు లింకన్ దేశమంతా జరపాలని ప్రకటించిండు.

ఆ రోజు ఇంటింటా టర్కీ కోడే. దాన్ని వేల ఏండ్ల కింద మచ్చిక చేసింది మెక్సికో ప్రాంతపు మూలవాసులు. పెద్ద పక్షి, ఒక్క పూటకు ఒడవదు. మర్నాడు మిగిలిన బొక్కలను ఉల్లిగడ్డ, క్యారెట్‌తో సన్నమంట మీద గంటలకొద్దీ ఉడకబెడతరు. బొక్కల జిగురు నీళ్లల్లకు దిగి సూప్ చిక్కబడతది. మిగిలిన కూర ముక్కలు అందులనే వేస్తరు.

1917లో యుద్ధంల దిగినప్పుడు అక్కడి సర్కారు గూడ తిండి పారెయ్యొద్దని ఇంటింటికీ చెప్పింది.

కొనేటోడు కోడి తూకం చూస్తడు, పెంచినోడు మేత లెక్క చూస్తడు. బొక్కలు చెత్తల పడితే నెలల మేతల కొంత చెత్తల పడ్డట్టే. మన పెండ్లిళ్లల్ల ఇస్తర్ల మిగిల్చేటప్పుడు గూడ ఈ లెక్క యాది పెట్టుకోండి.