100 సీసీ బండి.. తిరుమల ఘాట్‌.. ఏం మార్చొచ్చు? ఏం మార్చకూడదు?

తిరుపతి, చిత్తూరు వైపు పాత చిన్న బండ్లకు ఉన్న మోజే వేరు. యమహా ఆర్‌ఎక్స్‌ 100నే చూడండి. 1985లో వచ్చింది, 1996లో తయారీ ఆగిపోయింది. అయినా ఆ 98 సీసీ టూ స్ట్రోక్‌ సౌండ్‌ అంటే కుర్రాళ్లు ఇప్పటికీ పడిచస్తారు. పాత బండి కొని, ట్యాంక్‌కు రంగేయించి, కార్బొరేటర్‌ సొంతంగా విప్పి క్లీన్‌ చేసుకుంటే ఆ సరదానే వేరు. పెద్ద బైకులతో ఆ సుఖం ఎక్కడిది?

చాలామంది ముందు చెయ్యి పెట్టేది చైన్‌ స్ప్రాకెట్‌ మీదే. వెనక పళ్లు ఎక్కువున్నది వేస్తే ఎత్తులో బండి బాగా లాగుతుంది. కానీ టాప్‌ స్పీడ్‌ తగ్గుతుంది, హైవే మీద పెట్రోల్‌ ఎక్కువ తాగుతుంది.

అసలు పరీక్ష కొండ దిగేటప్పుడే. 1944 నాటి మొదటి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్‌ మలుపులున్నాయి. పెట్రోల్‌ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. డ్రమ్‌ వేడెక్కితే బ్రేక్‌ పట్టదు. అందుకే తక్కువ గేర్‌లోనే దిగాలి. టూ స్ట్రోక్‌ బండ్లలో ఇంజిన్‌ ఆపే బలం కూడా తక్కువే. కాబట్టి చేతిలో డబ్బులుంటే ముందు బ్రేక్‌ షూలు, టైర్లు మార్చుకోవాలి.. సైలెన్సర్‌ కాదు!

సైలెన్సర్‌ మార్చారో, కేసే. కంపెనీ ఇచ్చిన బండిని రూల్స్‌కు విరుద్ధంగా మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్‌ 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్ద కాలుష్యం కింద పెడితే రూ.10 వేల వరకు ఫైన్‌, మూడు నెలలు లైసెన్స్‌ ఉండదు.