ఇంజను లేని విమానాల పోటీలు: స్థానిక క్లబ్బు నుండి క్రాస్‌కంట్రీ గ్లైడింగ్ వరకు

ప్రత్యేక వ్యాసం

ఎండాకాలపు మధ్యాహ్నం చెరువుగట్టు మీదుగా గద్ద రెక్క ఆడించకుండా గిరికీలు కొడుతూ పైపైకి పోవడం మనకు చిరపరిచితమైన దృశ్యం. నేల వేడెక్కినప్పుడు పైకి లేచే వెచ్చని గాలి దానికి ఆధారం. అదే గాలిని నమ్ముకొని, ఇంజను లేని విమానంలో వందల కిలోమీటర్లు ప్రయాణించి బయలుదేరిన చోటికే తిరిగివచ్చే క్రీడ క్రాస్‌కంట్రీ గ్లైడింగ్. మన దేశంలో ఎన్.సి.సి. వైమానిక విభాగంలో శిక్షణ పొందిన పాతతరం వారిలో కొందరికి గ్లైడరు ఎక్కిన అనుభవం కలదు. అయితే పోటీల సంప్రదాయం వేళ్లూనుకొన్నది ప్రధానంగా ఐరోపాలోనే. ఈ పోటీలలో గ్లైడరు పొలంలో దిగడం సర్వసాధారణం. దానిని "కూలిన విమానం"గా పేర్కొంటే వార్త తప్పుదారి పట్టడమే గాక, ఆ పైలట్ ఇంటివారికి అనవసరపు ఆందోళన కలుగుతుంది. కావున పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం బ్రిటన్‌లోని ఏర్పాటును ఉదాహరణగా తీసుకొని ఈ వివరాలు అందించడమైనది.

వైమానిక క్రీడల అంతర్జాతీయ సమాఖ్య 1905లో ఏర్పడింది. తొలి ప్రపంచస్థాయి గ్లైడింగ్ పోటీలు 1937లో జర్మనీలోని వాసర్‌కుప్పె కొండపై జరిగాయి. బ్రిటిష్ గ్లైడింగ్ అసోసియేషన్ 1929 నాటిది. స్పెయిన్‌లో జరిగిన 1952 ప్రపంచ పోటీలలో బ్రిటన్‌కు చెందిన ఫిలిప్ విల్స్ విజేతగా నిలిచారు.

క్లబ్బులో తొలి మెట్లు

బ్రిటన్‌లోని గ్లైడింగ్ క్లబ్బులు చాలావరకు సభ్యుల స్వచ్ఛంద సేవపై నడిచేవే. శిక్షకుడు, వించి నడిపేవారు, రెక్క పట్టుకొని పరుగెత్తేవారు, అందరూ సభ్యులే. ఇరవై నిమిషాలు ఎగరడానికి రోజంతా మైదానంలో పనిచేయవలసి ఉంటుంది. గ్లైడరును వించి తాడుతో గాని, మరొక విమానం వెనుక కట్టి గాని పైకి పంపుతారు. అక్కడ 14 ఏళ్లు నిండినవారు ఒంటరిగా ఎగరవచ్చును. అనగా కారు నడపడానికి అర్హత రాకముందే గ్లైడరు నడపవచ్చునన్నమాట.

ఒంటరిగా ఎగరగలిగినంత మాత్రాన పోటీకి అర్హత లభించదు. గాలిలో నిలదొక్కుకొనడం, పటం చూసి దారి పట్టడం, పొలాన్ని ఎంచుకొని దిగడం అనే మూడింటిలోనూ పరీక్షకు నిలవాలి. దశాబ్దాల పాటు దీనికి బ్రాంజ్ బ్యాడ్జి, క్రాస్‌కంట్రీ ఎండార్స్‌మెంట్ అనే మెట్లు ఉండేవి. లైసెన్సుల విధానం మారినా శిక్షణ సారాంశం మారలేదు.

ఆ పిమ్మట అంతర్జాతీయ గుర్తింపు గల సిల్వర్ బ్యాడ్జి వస్తుంది. దానికి 5 గంటలు గాలిలో ఉండాలి, 1000 మీటర్ల ఎత్తు పెంచుకోవాలి, 50 కి.మీ. దూరం పోవాలి. ఈ మూడింటిలో 50 కి.మీ.లే కష్టమని చెప్పవలసి ఉంటుంది. ఈ ప్రయాణంలో కోల్పోయే ఎత్తు దూరంలో నూటికి ఒక వంతు, అంటే 500 మీటర్లు, మించరాదు. కావున ఎత్తునుండి జారుతూ పోయి గమ్యం చేరడం కుదరదు, దారిలో గాలిని వెదికి మళ్లీ ఎక్కవలసిందే. సొంత మైదానానికి తిరిగి చేరగల దూరాన్ని దాటి పైలట్ మొదటిసారి ముందుకు సాగేది ఇక్కడే. తర్వాతి గోల్డ్ బ్యాడ్జికి 300 కి.మీ. దూరం, 3000 మీటర్ల ఎత్తు కావాలి.

పోటీలో ప్రవేశం

కొత్తవారికి అనువైన ద్వారం ఇంటర్ క్లబ్ లీగ్. చుట్టుపక్కల క్లబ్బులు వారాంతాలలో తలపడే ఈ పోటీలో ప్రతి జట్టులోనూ కొత్తవారు, మధ్యస్థులు, అనుభవజ్ఞులు విడివిడిగా పాల్గొంటారు. కొత్తవారు కొత్తవారితోనే పోటీ పడతారు గాని వారి పాయింట్లు జట్టు లెక్కలోకి వస్తాయి. ఈ వ్యాసకర్త దృష్టిలో ఇది అన్ని క్రీడలకూ పనికివచ్చే పద్ధతి.

ఆపైన ప్రాంతీయ పోటీలు. లాషమ్, డన్‌స్టబుల్ వంటి పెద్ద క్లబ్బులు వీటికి పేరొందాయి. సాధారణంగా రెండు వారాంతాలను కలుపుకొని 9 రోజులు సాగుతాయి. వర్షం పడినా, మేఘం కమ్మినా ఆ రోజు పోటీ రద్దవుతుంది. దరఖాస్తు నెలల ముందే పంపాలి. గ్లైడరు, ట్రైలరు, బీమా, పారాచూట్, రికార్డర్, వీటితోపాటు పొలంలో దిగితే వెదుక్కుంటూ వచ్చే సహాయకుడు కూడా కావాలి. ఈ చివరి అవసరాన్నే కొత్తవారు తేలికగా తీసుకుంటారు.

పోటీ రోజు ఉదయం సమావేశంలో వాతావరణం చూసి ఆనాటి మార్గాన్ని ప్రకటిస్తారు. మలుపు స్థానాలను చుట్టి తిరిగిరావడం ఒక విధం. నిర్ణీత ప్రాంతాలలో ఎక్కడికైనా పోయి, నిర్ణీత కాలానికి తగ్గకుండా ఎగిరి, వేగం లెక్కకట్టడం మరొక విధం. గ్లైడర్లన్నీ పైకి చేరిన పిదప ప్రారంభ రేఖ తెరుస్తారు. ఎప్పుడు దాటాలన్నది పైలట్ ఇష్టం. ఆలస్యంగా దాటినవారికి ముందు వెళ్లినవారు ఎక్కడ పైకి లేస్తున్నారో కనిపిస్తుంది, అయితే సాయంత్రం ఎండ తగ్గే ప్రమాదమూ ఉంటుంది. గరిష్ఠంగా రోజుకు 1000 పాయింట్లు. పాత గ్లైడరుకు, కొత్త గ్లైడరుకు మధ్య తేడాను హాండికాప్ సర్దుతుంది. పూర్వం మలుపు స్థానాలను కెమెరాతో ఫోటో తీసి నిరూపించేవారు. 1990 దశకం నుండి ఉపగ్రహ సంకేతాల రికార్డర్లు ఆ పని చేస్తున్నాయి.

గాలి స్తంభాల మధ్య ఎంత వేగంగా పోవాలన్న లెక్కకు అమెరికాకు చెందిన పాల్ మెక్‌క్రెడీ పేరు స్థిరపడింది. 1956 ప్రపంచ విజేత అయిన ఆయనే తర్వాత 1977లో మనిషి కాలి బలంతో నడిచే విమానాన్ని ఎగిరించారు.

పొలంలో దిగడం

గాలి దొరకనప్పుడు పైలట్ ఎదుట ఉన్న మార్గం ఇదొక్కటే. దాదాపు 2000 అడుగుల ఎత్తులో అనువైన ప్రాంతాన్ని, 1500 అడుగులలో ఒక పొలాన్ని ఎంచుకోవాలని నేర్పుతారు. 1000 అడుగులకు దిగేసరికి ఇక గాలి వేట కట్టిపెట్టి దిగడం మీదనే దృష్టి నిలపాలి. గాలి దిశ, పొలం పొడవు, వాలు, నేల తీరు, చుట్టూ చెట్లు, విద్యుత్ తీగలు, పశువులు, అన్నీ చూడాలి. ఇంగ్లండులో జూన్ నెలలో పైరు నిలువెత్తున ఉండి మంచి పొలాలు అరుదవుతాయి. ఏపుగా ఎదిగిన పైరులో రెక్క చిక్కుకొంటే గ్లైడరు గిర్రున తిరుగుతుంది. ఆగస్టులో కోత కోసిన మోడు పొలాలు మేలు. ఆవులున్న మేతబీడు మాత్రం వద్దంటారు, అవి రెక్కలను నాకి, నమిలి పాడు చేస్తాయట.

ప్రమాదాలకు పొలం ఒక్కటే కారణం కాదు, నిర్ణయం ఆలస్యం కావడమే అధికంగా కారణం. పోటీలో ఉన్నవాడు "ఇంకొక్క ప్రయత్నం" అంటూ 600 అడుగుల దాకా జారితే, ఎంచుకోవడానికి పొలం మిగలదు. పొలంలో దిగినవారికి కూడా పోయిన దూరానికి పాయింట్లు దక్కుతాయి. ఈ సంగతి తెలిసీ తొందరపడటం మానవ స్వభావం. అందుకే మొదటి పోటీకి వెళ్లేవారిని శిక్షకులు స్థానం గురించి అడగరు, ఏ ఎత్తులో ప్రయత్నం మానుతావని అడుగుతారు.

మరొక ప్రమాదం ఒకే గాలి స్తంభంలో పది, ఇరవై గ్లైడర్లు గుమికూడటం. ముందు చేరినవారు ఏ వైపు తిరుగుతున్నారో తరువాతివారు అదే వైపు తిరగాలన్నది నియమం. 2004లో స్విట్జర్లాండులో రూపొందిన ఫ్లార్మ్ అనే హెచ్చరిక పరికరం ఇప్పుడు విస్తృతంగా వాడుకలో ఉన్నది.

అధికారులు గమనించవలసిన అంశాలు: పోటీల సమాచారం వైమానికులకు ముందుగా ప్రకటిస్తారు. విమానాశ్రయాల నియంత్రిత గగనతలంలోకి చొరబడిన పోటీదారునికి జరిమానా పాయింట్లు పడతాయి. పొలంలో దిగిన పైలట్ మొదట రైతును కలిసి విషయం చెప్పాలి, గేటు తెరిచి ట్రైలరు తేవడానికి అనుమతి కోరాలి. పైరుకు నష్టం జరిగితే బీమా వివరాలు ఇవ్వాలి. రెక్కలు ఊడదీసి ట్రైలరులో సర్దడానికి ఇద్దరు ముగ్గురు చాలు. స్థానికులు ఫోన్ చేయగా పోలీసులు, అంబులెన్సు వచ్చే సందర్భాలూ ఉన్నాయి. క్షేమంగా ఉన్నానన్న కబురు నిర్వాహకులకు వెంటనే చేరవేయడం పైలట్ బాధ్యత.

వార్త రాసేటప్పుడు గ్లైడరుకు నష్టం, మనిషికి గాయం లేనప్పుడు "పొలంలో దిగింది" అని రాస్తే సరిపోతుంది. అత్యవసరంగా దించారు అనడం కూడా సరికాదు. ఇది ముందే ఊహించి, నేర్చుకొని చేసే పని. గాయాలు గాని నష్టం గాని సంభవిస్తే, పోటీ నిర్వాహకుల ధ్రువీకరణ పొందిన పిమ్మటనే పేర్లు ప్రకటించవలసి ఉంటుంది.