అతిథుల కోసం కప్పెట్టిన రేవు

రియోకి నేను వెళ్ళింది చరిత్ర కోసం కాదు. సావ్ పావ్‌లోలో ఆఫీసు పని ముగిశాక తిరుగు విమానానికి మూడు రోజులు మిగిలాయి. తోడు ఎవరూ రానన్నారు, ఒక్కణ్ణే బస్సెక్కాను. మొదటి రోజు అందరూ చూసేవే చూశాను: కొండమీద క్రీస్తు విగ్రహం, కోపకబానా తీరం. రెండో రోజు 2015లో తెరిచిన ‘రేపటి మ్యూజియం’ చూసి, రేవు ప్రాంతంలో నడుచుకుంటూ వలోంగో దాటి వెళ్ళిపోయాను. ఫోన్‌లో మ్యాప్ చూసుకుని వెనక్కి రావాల్సొచ్చింది.

చూడ్డానికి పెద్దగా ఏమీ లేదక్కడ. రోడ్డు పక్కన, రోడ్డుకంటే పల్లంలో కొన్ని రాళ్ళు. నీళ్ళు కూడా లేవు. సముద్రాన్ని పూడ్చుకుంటూ నగరం ముందుకు జరిగిపోయింది. కానీ 1811లో కట్టిన ఈ ఒక్క రేవులో, ఆఫ్రికానుంచి బానిసలుగా పట్టుకొచ్చిన సుమారు 9 లక్షల మంది దిగారని అంచనా.

బ్రిటన్ ఒత్తిడి మీద 1831లో బ్రెజిల్ ఈ దిగుమతిని నిషేధించింది. అది కంటితుడుపు చట్టం. వ్యాపారం దొంగచాటుగా ఇంకో 20 ఏళ్ళు సాగింది. పైకి చూపించడానికి మాత్రమే చేసే పనిని బ్రెజిల్‌లో ఇప్పటికీ ‘ఇంగ్లీషువాళ్ళు చూడ్డానికి’ అంటారు. ఆ మాట ఈ చట్టం దగ్గరే పుట్టిందని చాలామంది చెబుతారు.

ఆ మాట ఈ రేవుకే సరిగ్గా సరిపోతుందనిపించింది నాకు. 1843లో రెండో పెడ్రో చక్రవర్తిని పెళ్ళాడిన తెరేసా క్రిస్టినా ఇటలీనుంచి ఇక్కడ దిగాలి. ఆవిడ కోసం పాత రేవు మీద చెక్కిన రాళ్ళు పరిచి, ‘మహారాణి రేవు’ అని పేరు మార్చేశారు. 1911లో, రాజధానిని ఆధునికం చేస్తున్న రోజుల్లో, దాన్నీ పూడ్చేసి పైన కూడలి కట్టారు. మళ్ళీ 100 ఏళ్ళకి, 2011లో, ఒలింపిక్స్ ముందు రేవు ప్రాంతాన్ని బాగుచేస్తుంటే రెండు పొరలూ బయటపడ్డాయి. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మూడుసార్లూ నగరం అతిథుల కోసమే ముస్తాబైంది. రెండుసార్లు దాచింది, మూడోసారి అదే పనిలో దాచింది దొరికింది.

కాగితాలకి ఆ అదృష్టం లేదు. బానిసత్వం రద్దయిన రెండేళ్ళకి, 1890లో, ఆర్థికమంత్రి రుయ్ బర్బోజా బానిసల రికార్డులు తగలబెట్టమని ఆదేశించాడు. పాత యజమానులు నష్టపరిహారం అడక్కుండా చేయడానికే అని ఒక వాదన ఉంది. అది నిజమే అయినా, కాలిపోయినవి బానిసల వివరాలే కదా. మా వృత్తిలో కోడ్ తీసేసినా ఎవరు, ఎప్పుడు తీశారో నమోదై ఉంటుంది. ఇక్కడ ఆ నమోదు రాళ్ళలోనే మిగిలింది.

అడుగు పొరలోవి చెక్కని గరుకు రాళ్ళు. ఆ పరుపుని ‘పె ది ములెకి’ అంటారు, అంటే కుర్రాడి పాదం. నిన్న వీధిలో కొనుక్కు తిన్న పల్లీపట్టీలాంటి మిఠాయి పేరూ అదే. ‘ములెకి’ అన్నది అంగోలా ప్రాంతపు కింబుందు భాషనుంచి వచ్చిన మాట. తవ్వకాల్లో పూసలు, గవ్వలు, పొగతాగే గొట్టాలు కూడా దొరికాయి.

దగ్గర్లోనే, అమ్ముడుపోకముందే చనిపోయినవాళ్ళని పూడ్చిన చోటుంది. 1996లో ఒక కుటుంబం ఇల్లు బాగుచేయించుకుంటుంటే ఎముకలు బయటపడ్డాయి. వాళ్ళు మట్టి కప్పేసి ఊరుకోలేదు. ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది.

సాయంత్రం ఆ పేటలోనే, సాంబా పుట్టిన చోట్లలో ఒకటని చెప్పే ‘ఉప్పురాయి’ మెట్ల మీద కూర్చున్నాను. సంచిలో ఇంకో మిఠాయి ముక్క మిగిలింది. నేనూ అతిథినే. నిన్నటిదాకా ఈ నగరం నాకు కూడా పైపొరే చూపించింది, నాకూ అదే చాలనిపించింది.