కిటికీ లోపల కిటికీ, అందులో పటం

1996 మొదట్లో అమెరికా ఆన్‌లైన్ సంస్థకు యాభై లక్షల మంది చందాదారులున్నారు. వాళ్లంతా ఇంటర్నెట్‌లోకి అడుగుపెట్టేది ఆ సంస్థ ఇచ్చిన సొంత సాఫ్ట్‌వేర్ ద్వారానే. చందాదారు వెబ్ పేజీ చూడాలనుకున్నా తమ ప్రోగ్రామ్ దాటి బయటికి పోకూడదన్నది సంస్థ పట్టుదల. అప్పటికి బ్రౌజర్లలో రారాజు నెట్‌స్కేప్. కానీ దాన్ని విడదీసి మరో ప్రోగ్రామ్‌లో అమర్చే వీలు లేదు. మైక్రోసాఫ్ట్ మాత్రం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను విడిభాగాలుగా కడుతోంది. విండోస్ తెర మీద అమెరికా ఆన్‌లైన్‌కు చోటిస్తామన్న హామీ కూడా తోడై, ఒప్పందం మైక్రోసాఫ్ట్‌కు దక్కింది. మైక్రోసాఫ్ట్ గుత్తాధిపత్యంపై నడిచిన కేసులో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ 1999లో వెలువరించిన నిర్ధారణల్లో ఈ సంగతంతా ఉంది. ఇంకో విశేషం: 1999లో అమెరికా ఆన్‌లైన్ ఏకంగా నెట్‌స్కేప్‌నే కొనేసింది. అయినా తన సాఫ్ట్‌వేర్ లోపల ఎక్స్‌ప్లోరర్‌నే ఉంచుకుంది.

1996 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 3తో ఆ సౌకర్యం మామూలు ప్రోగ్రామర్లకూ అందింది. విజువల్ బేసిక్‌లో ఫారం తెరిచి, వెబ్‌బ్రౌజర్ కంట్రోల్‌ను దాని మీదికి లాగి, ఒక్క పంక్తిలో చిరునామా ఇస్తే చాలు, బిల్లుల ప్రోగ్రామ్‌లోనో సరుకుల లెక్కల ప్రోగ్రామ్‌లోనో వెబ్ పేజీ ప్రత్యక్షమయ్యేది. అంతకుముందు అలాంటి ముక్కను సొంతంగా రాయాలంటే నెలల పని. చిన్న కంపెనీల చేతికి ఇంత పెద్ద పనిముట్టు ఉచితంగా రావడం ఆ రంగం చరిత్రలో అరుదైన ఘట్టం. దాని మూల్యం తర్వాత తెలిసింది. ఎక్స్‌ప్లోరర్‌లో ఉన్న లోపం దాన్ని పొదువుకున్న ప్రతి ప్రోగ్రామ్‌కూ సంక్రమించేది. 2001 సెప్టెంబరులో నిమ్డా వైరస్ ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ద్వారా వ్యాపించిన దారుల్లో ఒకటి ఇదే.

పటాల దారి మొదట వేరుగా ఉండేది. ఎస్రి సంస్థ 1996లో మ్యాప్‌ఆబ్జెక్ట్స్ పేరుతో పటం గీసే కంట్రోల్‌ను అమ్మకానికి పెట్టింది. మైక్రోసాఫ్ట్ మ్యాప్‌పాయింట్ సీడీల మీద వచ్చేది. రోడ్ల సమాచారమంతా వాడేవాళ్ల సొంత కంప్యూటర్‌లోనే ఉండేది కాబట్టి నెట్ లేకపోయినా పని ఆగదు. కొత్త రోడ్డు పడితే మాత్రం తర్వాతి సంచిక దాకా ఆగాల్సిందే.

ఈ రెండు దారులూ కలవడానికి కారణం సిడ్నీలో పుట్టిన ఓ చిన్న సంస్థ, వేర్ 2 టెక్నాలజీస్. డెన్మార్క్‌కు చెందిన లార్స్, యెన్స్ రాస్ముస్సెన్ సోదరులు మరో ఇద్దరు మిత్రులతో కలిసి ఎక్స్‌పెడిషన్ అనే ప్రోగ్రామ్ రాశారు. అది సీ ప్లస్ ప్లస్‌లో రాసిన అచ్చమైన డెస్క్‌టాప్ ప్రోగ్రామ్. గూగుల్ వద్దకు వెళితే లారీ పేజ్ దాన్ని వెబ్‌లో చూపించమన్నారు. అప్పటి వెబ్ పటాల్లో ఒక బాణం నొక్కితే పేజీ మొత్తం మళ్లీ లోడయ్యేది. సోదరులు బ్రౌజర్‌లోనే చేత్తో లాగితే జరిగే పటాన్ని చేసి చూపించారు. 2004 అక్టోబరులో గూగుల్ ఆ సంస్థను కొంది. 2005 ఫిబ్రవరి 8న గూగుల్ మ్యాప్స్ బయటికొచ్చింది.

దాని కిటుకు ముక్కల్లో ఉంది. ప్రపంచ పటాన్ని 256 పిక్సెళ్ల చదరాలుగా ముందే కోసి పెడతారు. జూమ్ సున్నాలో భూమి మొత్తానికీ ఒకే చదరం. ఒక్కో మెట్టు దిగినకొద్దీ చదరాలు నాలుగింతలవుతాయి. పదో మెట్టులో 10,48,576. పద్దెనిమిదో మెట్టుకు దాదాపు 6,872 కోట్లు. వాడేవాళ్ల తెర మీద కనిపించే పదో ఇరవయ్యో చదరాలను మాత్రమే సర్వర్ పంపుతుంది. 1569లో గెరార్డస్ మెర్కేటర్ నావికుల కోసం గీసిన ప్రక్షేపాన్నే కాస్త సరళం చేసి ఇందుకు వాడుకున్నారు.

2005 వసంతంలోనే పాల్ రాడెమాకర్ అనే ప్రోగ్రామర్ గూగుల్ పటం లోగుట్టు పసిగట్టి, దాని మీద అద్దె ఇళ్ల ప్రకటనలు గుచ్చి హౌసింగ్‌మ్యాప్స్ తయారుచేశాడు. ఎవరి అనుమతీ లేదు. గూగుల్ అతన్ని ఆపలేదు, పైగా ఉద్యోగమిచ్చింది. జూన్ నెలాఖరుకు పటాన్ని ఎవరైనా తమ పేజీలో అమర్చుకునే అధికారిక మార్గం తెరిచింది. అదే సంవత్సరం వచ్చిన మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ 2.0లో వెబ్‌బ్రౌజర్ కంట్రోల్ సిద్ధంగా ఉంది. ఇక ప్రోగ్రామర్లను ఆపేదెవరు? ఫారంలో బ్రౌజర్, బ్రౌజర్‌లో పేజీ, పేజీలో పటం. ప్రోగ్రామ్ ఒక సరుకుల లారీ ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలను పేజీలోని జావాస్క్రిప్ట్‌కు అందిస్తుంది. పటం మీద ఎవరైనా నొక్కితే ఆ కబురు వెనక్కి ప్రోగ్రామ్‌కు చేరుతుంది. ఇంత ఇరుకు వంతెన మీదుగా రవాణా ఆఫీసుల్లో, కొరియర్ డిపోల్లో ఎంత పని నడిచిందో లెక్కకు అందదు.

అయితే ఆ కట్టడమంతా ఇతరుల స్థలంలో ఉంది. కంప్యూటర్‌లో ఎక్స్‌ప్లోరర్ 11 ఉన్నా, మరో ప్రోగ్రామ్ లోపలికి వచ్చేసరికి ఆ కంట్రోల్ పాత 7వ సంచికలా ప్రవర్తించేది. రిజిస్ట్రీలో ప్రోగ్రామ్ పేరు రాసి ఎదురుగా 11001 అనే అంకె పెడితే తప్ప కొత్త పటం సరిగా తెరుచుకునేది కాదు. ఆ అంకె తెలియక తలపట్టుకున్న ప్రోగ్రామర్లు ఎందరో.

బ్రౌజర్‌కూ డెస్క్‌టాప్‌కూ మధ్య ఇలాంటి ముడి హైదరాబాద్‌లోనూ పడింది. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తీర్చిదిద్దిన ఇస్రో వారి భువన్ 2009 ఆగస్టులో మొదలైనప్పుడు, భారత ఉపగ్రహ చిత్రాలను త్రిమితీయంగా చూడాలంటే విండోస్ కంప్యూటర్‌లో ఒక ప్లగిన్ దింపుకోవాల్సి వచ్చేది. డెస్క్‌టాప్‌లో బ్రౌజర్ కాదిక్కడ, బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ ముక్క.

2018 జులైలో గూగుల్ పటాల ధరల పద్ధతి మార్చింది. అంతవరకు రోజుకు 25,000 సార్లు ఉచితంగా తెరుచుకున్న పటానికి, ఇక నెలకు 28,000 సార్లే ఉచితమంది. అదీ కార్డు వివరాలిచ్చి బిల్లింగ్ ఖాతా తెరిస్తేనే. తెరవని వాళ్ల పటాలు మసకబారి, వాటి మీద హెచ్చరిక అక్షరాలు వచ్చాయి. చిన్న సంస్థలను ఇలా రాత్రికి రాత్రి ఇరుకున పెట్టడం సమర్థించదగ్గది కాదు. అప్పటికే మరో దారి ఉండటం వాళ్ల అదృష్టం. 2004లో స్టీవ్ కోస్ట్ బ్రిటన్‌లో ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం, 2011లో ఉక్రెయిన్ ప్రోగ్రామర్ వొలొదిమిర్ అగాఫొన్‌కిన్ విడుదల చేసిన లీఫ్‌లెట్ అనే చిన్న లైబ్రరీ కలిసి ఎందరికో ఆసరా అయ్యాయి.

లోపలి బ్రౌజర్లూ మారిపోయాయి. వెబ్ పేజీలతో డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లు కట్టే తన సాధనానికి 2015లో గిట్‌హబ్ సంస్థ ఎలక్ట్రాన్ అని పేరు పెట్టేనాటికి, ప్రతి ప్రోగ్రామ్ తనతో ఒక క్రోమియం బ్రౌజర్‌నే మోసుకొచ్చే పద్ధతి స్థిరపడింది. డిస్క్‌లో వంద మెగాబైట్లకు పైగా చోటు పోయినా, పేజీ ఎలా కనిపిస్తుందోనన్న బెంగ పోయింది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ 2018 డిసెంబరులో సొంత ఇంజిన్‌ను వదిలి క్రోమియంకు మారుతున్నట్టు ప్రకటించింది. పాత వెబ్‌బ్రౌజర్ కంట్రోల్ స్థానంలో క్రోమియం ఆధారిత వెబ్‌వ్యూ2 2020లో వచ్చింది. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్ 11కు విరమణ ఇచ్చారు.

పటాల వృత్తిలో ఉన్నవాళ్లు ఈలోగా బ్రౌజర్‌నే పక్కన పెట్టే పనిలో పడ్డారు. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన క్యూజీఐఎస్ అనే పటాల ప్రోగ్రామ్‌లో గూగుల్ పటం కావాలంటే చాలాకాలం ఓపెన్‌లేయర్స్ ప్లగిన్ దిక్కు. అది కనపడకుండా ఒక వెబ్ పేజీని తెరిచి, దాని బొమ్మ తీసి పటం కింద పరిచేది. తెర మీద బాగానే ఉన్నా కాగితం మీద అచ్చు తీస్తే కొలతలు తప్పేవి. 2016లో వచ్చిన 2.18 సంచిక చదరాలను నేరుగా సర్వర్ నుంచి తెచ్చుకుని తానే అమర్చడం నేర్చింది. 2020లో 3.14 సంచిక బొమ్మ చదరాలకు బదులు రోడ్ల, నదుల గీతల సమాచారాన్నే చదరాలుగా తెచ్చుకుని, రంగులూ అక్షరాలూ వాడేవాళ్లకు నచ్చినట్టు గీయసాగింది.