మురుగు లెక్కల్లో లేని ఆడవాళ్ళు

మాది కొత్తపట్నం. ఒంగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉంటుంది. 1937లో అక్కడ రాజకీయ పాఠశాల పెట్టారనీ, ప్రభుత్వం దాన్ని నిషేధించిందనీ మా ఇంట్లో పెద్దవాళ్ళు గర్వంగా చెప్పుకునేవాళ్ళు. ఊరి చరిత్ర అంటే అదే అనుకుంటూ పెరిగాను. ఊళ్ళో నీళ్ళు ఎవరు మోశారు, మురుగు ఎవరు ఎత్తారు అన్నది కూడా చరిత్రేనని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

నా చిన్నప్పుడు, అంటే డెబ్భైలలో, మా వీధిలో మురుగు కాలవ లేదు. ఇసుక నేల కావడంతో పోసిన నీళ్ళు పోసినట్టే ఇంకిపోయేవి. స్నానాల నీళ్ళు అరటి పాదులోకి వెళ్ళేవి. తాగే నీళ్ళు దొరువుల నుంచి తెచ్చుకునేవాళ్ళం. మగవాళ్ళు తోటల వైపు ఎప్పుడు కావలిస్తే అప్పుడు వెళ్ళి వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం తెల్లవారకముందే వెళ్ళాలి, లేదంటే చీకటి పడేదాకా ఆగాలి. మా అమ్మ మధ్యాహ్నం పూట నీళ్ళు తాగేది కాదు. "దాహం లేదులే" అనేది. అది దాహం లేకపోవడం కాదని నేను ఆడపిల్లనయ్యాక గానీ అర్థం కాలేదు.

సెలవులకు ఒంగోల్లో మా పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళం. అక్కడ పాకీదొడ్డి ఉండేది. ఇంటి వెనక సన్నటి సందు, గోడకు కింద ఒక రేకు తలుపు. పొద్దున్నే ఒకామె తట్ట, రేకుముక్క, బూడిద తెచ్చుకుని ఆ సందులోంచి వచ్చేది. మమ్మల్ని అటు వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. పండగనాడు మిగిలిన పిండివంటలు ఆమె కొంగులో పైనుంచి పడేసేవాళ్ళు. ఆమె రాని రోజు ఇంట్లో అందరూ ఆమెను తిట్టేవాళ్ళు. వచ్చిన రోజు ఎవరూ ఆమెతో మాట్లాడేవాళ్ళు కాదు. ఆమె పేరేమిటో మా పెద్దమ్మకు తెలియదు. నేనూ అడగలేదు. తర్వాతి రోజుల్లో ఇంటిచాకిరీకి విలువ కట్టాలని వ్యాసాలు రాశాను, సభల్లో మాట్లాడాను. మా పెద్దమ్మ చాకిరీ గుర్తొచ్చింది గానీ, ఆ ఇంటి చాకిరీలో సందులోంచి వచ్చే ఆమె పని కూడా భాగమేనని ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఈ పని తరతరాలుగా 'అలా వస్తున్నది' మాత్రమే కాదు. పట్టణాలు పెరిగి మునిసిపాలిటీలు ఏర్పడ్డాక అది జీతానికి చేసే పనిగా, ప్రభుత్వం నడిపే పనిగా మారింది. గుంటూరు మునిసిపాలిటీ 1866లో ఏర్పడింది. మలం ఎత్తించడం మునిసిపాలిటీల బాధ్యత అయ్యేసరికి కులం ఉద్యోగపు రూపం తొడుక్కుంది. కోస్తా పట్టణాల్లో రెల్లి, మాదిగ కులాల వాళ్ళనూ, నెల్లూరు, గుంటూరు వైపు యానాదులనూ ఈ పనిలో పెట్టారు. వాళ్ళలోనూ ఇళ్ళలోని దొడ్లు శుభ్రం చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఇంటి లోపలి పని, పైగా అన్నిటికన్నా తక్కువ కూలి వచ్చే పని కాబట్టి అది వాళ్ళకు మిగిలింది. 1965 నాటి మన మునిసిపాలిటీల చట్టం ఆస్తిపన్నులో నీళ్ళకూ డ్రైనేజీకీ కలిపి ఒక భాగం, చెత్తా మలినాలూ ఎత్తించడానికి ఇంకో భాగం పెట్టింది. ఇళ్ళవాళ్ళు పన్ను కట్టి చేతులు దులుపుకునే వీలు దొరికింది. చేతులు దులుపుకోలేనిది తట్ట మోసిన ఆమె ఒక్కతే.

చట్టాలు వచ్చాయి. అంటరానితనం పేరుతో ఎవరిచేతనైనా బలవంతంగా పాకీపని చేయించడం నేరమని 1976లో పౌరహక్కుల చట్టంలో చేర్చారు. 1993లో పాకీదొడ్లనూ పాకీపనినీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం కావాలని ముందుగా తీర్మానించిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయినా అది అమల్లోకి వచ్చింది 1997 జనవరి 26న. ఆ తర్వాతా దొడ్లు ఉంటూనే వచ్చాయి. కోలారు బంగారు గనుల ఊళ్ళో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్, ఇంకా ఎంతోమంది కలిసి నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకెక్కింది. ఊరూరా ఆడవాళ్ళు తమ తట్టల్ని తామే తగలబెట్టారు. మన రాష్ట్రంలో ఈ పని ఎలా సాగుతున్నదో వివరిస్తూ గీతా రామస్వామి ఇంగ్లీషులో రాసిన పుస్తకం 2005లో వచ్చింది. అది చదువుతుంటే మా పెద్దమ్మ ఇంటి వెనక సందు నాకు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది.

పాకీదొడ్డి పోయి పైపులొస్తే ఈ కథ ముగుస్తుందని చాలామంది అనుకున్నాం. లండన్‌లో 1854లో ఒక వీధి పంపు నీళ్ళవల్ల కలరా వస్తున్నదని జాన్ స్నో అనే డాక్టరు చూపించాడు. అయినా భూగర్భ మురుగు కాలవలకు డబ్బు మంజూరైంది 1858 ఎండాకాలంలో థేమ్స్ కంపు పార్లమెంటు కిటికీల్లోకి వచ్చాకే. హైదరాబాదులో 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి డ్రైనేజీ పథకం వేయించారు. ఇంజనీర్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి, ఉండాల్సిందే. కానీ పైపు వేయడం ఒకసారి చేసే పని. అది పూడుకుపోకుండా చూడటం రోజూ చేయాల్సిన పని, వంటలాగా, అంట్లలాగా. ఆ రోజువారీ పనికి చరిత్రకారులు ఎప్పుడూ పేర్లు రాసుకోలేదు.

తట్ట స్థానంలో మ్యాన్‌హోల్ వచ్చినప్పుడు, ఆడవాళ్ళు చేసిన పనిలో కొంత తగ్గి, అవే కులాల మగవాళ్ళు నేల కిందికి దిగారు. మురుగు కుళ్ళినచోట పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కోడిగుడ్డు కుళ్ళిన వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది. అందుకే దిగినవాడు పడిపోతాడు, వాడికోసం దిగినవాడూ పడిపోతాడు. 2016 ఆగస్టులో హైదరాబాదు మాదాపూర్‌లో చనిపోయిన నలుగురిలో కార్మికుల్ని కాపాడబోయిన క్యాబ్ డ్రైవరు కూడా ఉన్నాడు. 1993 నుంచి ఇలా చనిపోయిన వాళ్ళందరి కుటుంబాలకూ 10 లక్షల చొప్పున ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. మంచిదే. కానీ గమనించండి, ఇక్కడ ఆడమనిషి లెక్కలోకి వచ్చింది భర్త పోయాకే.

తట్ట మోసిన ఆడవాళ్ళ లెక్క చూద్దాం. 2013 చట్టం తర్వాత గుర్తించిన వారికి ఒకసారి 40 వేల రూపాయల సాయం ఇచ్చారు. 2013లోనూ 2018లోనూ చేసిన సర్వేల్లో దేశమంతటా 58,098 మందిని గుర్తించామని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. కులం వివరాలు తెలిసిన 43,797 మందిలో 42,594 మంది షెడ్యూల్డ్ కులాల వాళ్ళే. కులం గురించి ఇంకా వాదించేవాళ్ళకు ఆ ఒక్క అంకె చాలు. అయితే చట్టం వచ్చాక తన ఊళ్ళో పాకీపనే లేదని అధికారి రాసి పంపితే, ఆ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు తట్ట మోసిన ఆడమనిషి తాను ఆ పని చేశానని ఏ కాగితంతో రుజువు చేసుకోవాలి?

ఇక మూడో ఆడమనిషి ఉంది. మురుగు పనులు జరిగే వీధిలో నివసించేది. ఆమెను నేను గుంటూరులో చూశాను. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కొత్తపట్నం గుంటూరు జిల్లాలోదే. మా వైపు వాళ్ళకు కోర్టుకైనా, పెద్దాసుపత్రికైనా, కాలేజీకైనా గుంటూరే దిక్కు. నేనూ ఉద్యోగానికి అక్కడికే చేరి స్థిరపడ్డాను.

రాష్ట్ర విభజన తర్వాత విజయవాడ, గుంటూరు డ్రైనేజీ పనులకని కేంద్రం 1000 కోట్లు ప్రకటించింది. అందులో గుంటూరు భూగర్భ డ్రైనేజీ వాటా 540 కోట్లు. వీధులు తవ్వారు. తవ్విన వీధుల్లో ఎన్నో ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయాయి. మా వీధిలో ఒకరోజు తెల్లవారేసరికి గడప ముందు గొయ్యి. ఆటో రాదు. గ్యాసు బండ సందు చివర దింపేసి వెళ్ళేవాడు. ఎదురింటి కోడలు నెలలు నిండిన కడుపుతో చెక్కపలక మీదుగా దాటేది. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. రోజుకు రెండుసార్లు ఊడవాల్సింది నాలుగుసార్లు ఊడిచాం. ప్రాజెక్టు అంచనాల్లో మట్టి తవ్వకానికి ఘనపు మీటరుకు రేటు ఉంటుంది. ఈ ఊడ్పులకు ఏ రేటూ ఉండదు.

వీటన్నిటికంటే పెద్ద సంగతి నీళ్ళు. మన పట్టణాల్లో కుళాయి రోజంతా రాదు. నీళ్ళు ఆగిన గంటల్లో పైపు ఖాళీగా ఉంటుంది. పాత పైపుకు చిల్లి ఉండి, పక్కనే మురుగు నిలిచి ఉంటే అది పైపులోకి చేరుతుంది. ఇంటి కుళాయికి వెళ్ళే సన్న పైపులు చాలాచోట్ల సైడు కాలవల్లోంచే పోతాయి. ఎవరైనా మోటారు బిగించి లాగితే మురుగును కూడా లాగినట్టే. తవ్వకంలో గునపం తగిలితే ఇక చెప్పేదేముంది? నీళ్ళ శాఖ వేరు, మురుగు శాఖ వేరు. ఆ రెండూ కలిసేది ఆడవాళ్ళ బిందెలోనే. అందుకే మొదటి బిందె పారబోసి, రెండో బిందె వాసన చూసి, మూడో బిందె కాచి చల్లార్చే పని ఇంటింటా ఒక ఆడమనిషి తన మీద వేసుకుంది. నీటి పరీక్ష చేసే ఆ ఉద్యోగానికి జీతం లేదు. పరీక్ష తప్పితే మాత్రం "చూసుకోవద్దా?" అని అడిగేది ఆమెనే.

2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలోనూ పాతగుంటూరు చుట్టుపక్కలా వాంతులు, విరేచనాలతో వందలమంది ఆసుపత్రుల్లో చేరారు. పదిమందికి పైగా చనిపోయారు. కలుషితమైన కుళాయి నీళ్ళే కారణం. అప్పుడు మా ఇంట్లో పనిచేసే ఆమె వారం పైగా రాలేదు. మొదటి రెండు రోజులు నేను విసుక్కున్నాను. ఫోను చేస్తే, అత్తగారినీ చిన్నపిల్లనూ ఆసుపత్రిలో చేర్చి రెండు మంచాల మధ్య కింద కూర్చుని ఉన్నానని చెప్పింది. ఫోను పెట్టేశాక నాకు మా పెద్దమ్మ ఇల్లు గుర్తొచ్చింది. రాని రోజు తిట్టడం అన్నది మా తరానికీ తప్పలేదు. మేం కాచిన నీళ్ళు, డబ్బానీళ్ళు కొనుక్కుని బతికిపోయాం. మా అంట్లు తోమిన ఆమె కొనుక్కోలేకపోయింది. ఒకే ఊళ్ళో ఆడవాళ్ళందరి బిందెలూ ఒకటి కావు. 'స్త్రీలు' అని ఒకే మాటలో అనేసేముందు ఈ తేడా ఒప్పుకోవాలి.

మురుగు చరిత్ర రాసేటప్పుడు తట్ట మోసిన ఆమె, మ్యాన్‌హోల్లో భర్తను పోగొట్టుకున్న ఆమె, బిందె వాసన చూసిన ఆమె ఒకే కథలో కనిపించాలని నేను కోరుకుంటున్నాను. ఒకామెను సంక్షేమ శాఖకూ, ఒకామెను కోర్టుకూ, ఒకామెను ఇంటికీ పంచేశాం కాబట్టే ఈ పనిని మన సమాజం ఎవరి మీద నెట్టి నడుపుకుంటున్నదో కనిపించకుండా పోయింది. మునిసిపాలిటీ పాత జీతాల పుస్తకాల్లో, వాళ్ళ కాలనీల్లో ఇంకా మిగిలిన ముసలివాళ్ళ జ్ఞాపకాల్లో ఆ కథ ఉంది. విద్యార్థులతో పరిశోధనలు చేయించే మిత్రులు ముందు అక్కడికి వెళ్ళాలి. ఆ పేటల్లోంచి వచ్చి చదువుకున్న అమ్మాయిలే ఆ పని చేస్తే, మనం పక్కకు జరిగి వాళ్ళు రాసింది అచ్చు వేయాలి.

మొన్న కొత్తపట్నం వెళ్ళాను. ఇప్పుడు ఇంట్లోనే మరుగుదొడ్డి ఉంది. మా మరదలు పగలు ఎప్పుడు కావలిస్తే అప్పుడు నీళ్ళు తాగుతుంది. అది చిన్న విషయం కాదు, మా అమ్మ చూడవలసింది. కానీ అదే ఇసుకలో దొడ్డి గుంటకు నాలుగడుగుల అవతలే చేతిపంపు ఉంది. గుంట నిండిందని లారీని పిలిపించారు. పైపు వేసి లాగాక అడుగున గట్టిపడ్డదాన్ని తీయడానికి ఒక కుర్రాడు లుంగీ ఎగగట్టాడు. దిగొద్దని గట్టిగా చెప్పాం. "రోజూ చేసేదే కదమ్మా" అన్నాడు. పేరడిగాను, చెప్పాడు. ఎవరి పిల్లాడివని అడిగితే, వాళ్ళ నాయనమ్మ ఒంగోల్లో ఇళ్ళు 'చేసేదని' అన్నాడు. ఏ వీధిలో అని అడగడానికి నాకు నోరు రాలేదు. అడగాల్సింది.