దసరా మామూలు

ఆశ్వయుజమాసమున వచ్చు దసరా పండుగకు రెండు చరిత్రములు గలవు. ఒకటి రాజులది, రెండవది మన యిండ్లది. మొదటిదానిని గ్రంథములు చెప్పుచున్నవి. రెండవదానిని చెప్పు పెద్దలు తఱిగిపోవుచున్నారు.

శ్రీకృష్ణదేవరాయల కాలమున, 1520 ప్రాంతమున, పోర్చుగీసు యాత్రికుఁడు పేయిసు విజయనగరమున ఈ యుత్సవమును కన్నులార చూచి వ్రాసెను. కొలువులు, మల్లయుద్ధములు, నాట్యములు, బలులు, తుదకు సేనల బారులు! అచ్యుతరాయల కాలమున నుండిన నూనిజు మఱియొక సంగతి తెలిపెను. ఈ తొమ్మిది దినములలోనే నాయకులు రాజునకు కట్టవలసిన ధనమును చెల్లించెడివారఁట. 1565లో రక్కసి తంగడి యుద్ధము ముగిసినపిదప ఆ నగరము పాడుపడెను. హంపిలో మహర్నవమి దిబ్బ మాత్రము నేఁటికిని నిలిచియున్నది.

రాజధానిలో ధనము రాజునకు చేరిన యీ పండుగకే పల్లెలో ధనము వీధిబడి పంతులుగారికి చేరుచుండెడిది. ఆయనకు సర్కారు జీతము లేదు. బళ్లారి కలెక్టరు కాంబెల్, మన భాషకు ఇంగ్లీషున వ్యాకరణము వ్రాసిన దొర యితఁడే, 1823లో పంపిన నివేదికలో ఆ జిల్లా బడులు 533, పిల్లలు 6,641 అని లెక్క చూపెను. అనఁగా బడికి సుమారు పన్నెండుగురు! పన్నెండుగురు పిల్లల నెలరుసుముతో ఒక సంసార మెట్లు గడచును? ఆ లోటును కొంత పూడ్చినది దసరా మామూలు.

మూలానక్షత్రమున పుస్తకములను పీఠముపై నుంచి సరస్వతిని పూజింతురు. ఆ దినములలోనే పిల్లలు క్రొత్తబట్టలు కట్టి, రంగుకాగితము లంటించిన వెదురు విండ్లును గిలకలును చేతఁబట్టి, పంతులుగారి వెంట ఇల్లిల్లు తిరిగి దసరా పద్యములు చదువుచు బుక్కా చల్లెడివారు. గృహస్థు అరుగుపైఁ గూర్చుండి వినెడివాఁడు. పంతులుగారికి సంభావన, పిల్లలకు పప్పుబెల్లములు.

దీనిని బిచ్చమెత్తుట యని యీసడించినవారు కొందఱు గలరు. నేనొప్పను. నేను ముప్పదియేండ్లకుఁ బైగా నెలజీతము పుచ్చుకొన్న ఉపాధ్యాయుఁడను. ఆ జీతమిచ్చుటకు ముందు ఒక్క తండ్రియైనను నా యెదుటఁ గూర్చుండి తన కుమారునిచేత పద్యము చదివించి వినలేదు. నాఁటి పంతులో, ఏఁటేఁట ప్రతి గుమ్మమునొద్దను పరీక్ష నిచ్చెడివాఁడు. పిల్లవాఁడు తడఁబడినచో సిగ్గుపడవలసినవాఁడు పంతులే. నోరార చదివినచో ఇంటివారే పిలిచి మఱియొక పద్యము చదివించుకొనెడివారు. అది కూలియే, కాని కన్నులయెదుట లెక్క తేల్చుకొన్న కూలి.

పైగా సార్వా వరి యింకను చేలలోనే యుండు దినములవి. గాదెలు అడుగంటు వేళ. కలిగినవాఁడు రూపాయయు ధోవతులచాపును ఇచ్చెడివాఁడు. లేనివాఁడు తన పెరటి గుమ్మడికాయను తెచ్చి పంతులుగారి చేతఁబెట్టెడివాఁడు. అట్టి యింటను పిల్లలకు దోసెఁడు పప్పుబెల్లములు మాత్రము తప్పెడివి కావు.