కోనసీమ నావలో బ్యాటరీ

కోనసీమ అనగానే మనకు కొబ్బరితోటలు, కాలువలు, లంకలు, అంతర్వేది తీర్థము మనసునకు వచ్చును. తెల్లవారకముందే మొగ దాటి సముద్రములోనికి పోవు చిన్న నావను తలచుకొనువారు తక్కువ. ఆ నావలో ఒక మూల, చెక్కపెట్టెలో తాళ్ళతో బిగించిన బ్యాటరీ ఒకటి ఉండును. మన ఇంట బ్యాటరీ తీరిపోయినచో రేడియోలో పాట సగములో ఆగిపోవును. అంతకంటె నష్టము లేదు. ఆ నావలో తీరిపోయినచో ఏమగునన్నది వేరు కథ.

వసిష్ఠ అంతర్వేది వద్దను, వైనతేయ ఓడలరేవు వద్దను సముద్రమును చేరుచున్నవి. ఓడలరేవు అను పేరే ఒక చరిత్ర. దానికి ఎంతో దూరము లేని బెండమూర్లంకలో 18వ శతాబ్దిలో ఇంగ్లీషు కంపెనీవారి వర్తకస్థానము ఉండెను. ఓడలు వచ్చినవి, పోయినవి. తెప్పలు, నావలు మాత్రము నిలిచినవి. తెరచాప, తెడ్డు, చుక్కాని వాటి సాధనములు. మబ్బు రంగును, అల పొంగును, గాలి మళ్ళుటను చూచి వాతావరణమును చెప్పగల పెద్దలు ప్రతి పల్లెలోను ఉండెడివారు. రాత్రివేళ ఒక లాంతరు వెలిగించెడివారు. లాంతరు మన ఉనికిని ఇతరులకు తెలుపును గాని, ఒడ్డున ఉన్నవారి మాటను మనకు చేర్చలేదు.

బ్యాటరీ మాత్రము అప్పటికే లోకమున పాతబడినది. ఇటలీ దేశస్థుడైన వోల్టా 1800లో దానిని లోకమునకు తెలిపెను. 1838లో జకోబీ అను శాస్త్రజ్ఞుడు రష్యాలోని నీవా నదిపై బ్యాటరీల బలముతో మనుష్యులను ఎక్కించుకొని పడవను నడిపెను. అనగా తెడ్డు లేక, ఆవిరి లేక నడచిన పడవకు ఇంచుమించు రెండు శతాబ్దుల వయస్సున్నది! నేడు నావలలో కనబడు సీసపు పలకల బ్యాటరీ ఫ్రాన్సులో ప్లాంటే 1859లో చేసినది. 1881లో ఫోర్ ఆ పలకలకు సీసపు భస్మమును ముద్దచేసి పూయుటతో అది వ్యాపారవస్తువైనది.

కోనసీమ నావకు విద్యుత్తు ఈ త్రోవను రాలేదు. రేడియో వెంట వచ్చినది. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనపుడు పల్లెలలో కరెంటు అరుదు. అందుచేత అక్కడ రేడియో బ్యాటరీతోనే పలికెడిది. కొన్ని సెట్లకు 90 వోల్టుల పొడిబ్యాటరీ దిమ్మ కావలసియుండెను. మరికొన్నిటికి 6 వోల్టుల ఆమ్లపు బ్యాటరీని పట్టణమునకు మోసుకొనిపోయి ఛార్జి చేయించి తేవలసి వచ్చెడిది. అంత బరువైన, అంత సుకుమారమైన సరంజామాను ఉప్పునీరు చిమ్ము నావలో పెట్టుకొనుట ఎవరికి సాధ్యము? 1947లో అమెరికాలో ట్రాన్సిస్టరు పుట్టి, 1954లో ట్రాన్సిస్టరు రేడియో అంగడికి వచ్చిన పిమ్మట గాని చిక్కు విడిపోలేదు. టార్చిలైటులో వేయు సెల్లులు నాలుగున్న చాలును, తుపాను హెచ్చరిక నావలోనికి వచ్చును. మన చిన్న నావలోనికి విద్యుత్తు తెచ్చినది ఇంజను కాదు, టార్చిలైటును ట్రాన్సిస్టరును అని నా అభిప్రాయము.

ఇంజనుకు బ్యాటరీతో పనిలేకపోవుట కొందరికి వింతగా తోచవచ్చును. వెనుకకు పొడవాటి ఇరుసుతో నీటిలోనికి వాలి ఉండు చిన్న డీజిలు ఇంజనును చేతితో త్రిప్పియే నడిపింతురు. కనుక బ్యాటరీ చచ్చినను నావ నడచును. అదియే మోసము. నడచుచున్న నావలో ఏదో లోపమున్నదని ఎవరికిని తోచదు.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపానును కోనసీమవారు మరువలేదు. బంగాళాఖాతములో అది బలపడి తీరము చేరుటకు రెండు మూడు దినములే పట్టినది. కొబ్బరిచెట్లు లెక్కకు మించి నేలకొరిగినవి. మరణించినవారు, జాడ తెలియనివారు కలిసి వెయ్యికి ఎంతో పైన. జాడ తెలియనివారిలో ఎక్కువమంది సముద్రముపై వేటలో ఉన్నవారే. భైరవపాలెము, బలుసుతిప్ప వంటి పల్లెలలో రాని నావలకై ఎదురుచూచిన ఇండ్లు అనేకము. విశాఖపట్టణములో తుపాను హెచ్చరిక కేంద్రము 1974 నుండియే ఉన్నది. ఒడ్డున మాట ఉన్నది. ఆ మాటను నడిసముద్రమునకు చేర్చి, తిరిగి జవాబును తెచ్చు సాధనము చాల నావలలో లేదు. ట్రాన్సిస్టరు వినిపించును గాని అడిగినదానికి బదులు చెప్పలేదు.

తరువాతి సంవత్సరములలో వీహెచ్‌ఎఫ్ రేడియో, జీపీఎస్, ఆపదలో ఉపగ్రహము ద్వారా తీరరక్షక దళమునకు సంకేతము పంపు డాట్ యంత్రము క్రమముగా వచ్చినవి. ఉపగ్రహముతో మాటలాడు ట్రాన్స్‌పాండర్లను లక్ష నావలకు అమర్చు పథకమును 2024 ఆగస్టులో ఆరంభించినారు. వీటిలో కొన్నిటికి తమ సొంత సెల్లులున్నవి. తక్కినవన్నియు ఆ చెక్కపెట్టె వంకకే చూచును.

ఇక్కడ కొంచెము లెక్క చూడవలెను. 12 వోల్టుల, 75 ఆంపియర్‌గంటల బ్యాటరీలో సగమునకు మించి వాడినచో దాని ఆయుస్సు తరుగును. కనుక చేతిలో ఉన్నది 37 మాత్రమే. పాతరకపు 21 వాట్ల బల్బు ఒక్కటి రాత్రి పదకొండు గంటలు వెలిగినచో 19 ఖర్చు. రెండు బల్బులు వెలిగించినచో తెల్లవారుసరికి సంచి ఖాళీ. వీహెచ్‌ఎఫ్ సెట్టు ఊరక వినుచున్నపుడు అర ఆంపియరైనను తీసికొనదు; 25 వాట్ల బలముతో పలుకునపుడు అయిదారు ఆంపియర్లు లాగును. అందుచేత అలసిన బ్యాటరీపై సెట్టు చక్కగా వినబడుచునే ఉండి, సహాయమునకై మీట నొక్కిన క్షణముననే మూగవోవును. ఎల్‌ఈడీ దీపములు వచ్చి దీపపు ఖర్చును నాలుగవ వంతునకు తగ్గించుట చిన్న మేలు కాదు. దీపములకొక బ్యాటరీ, రేడియోకొక బ్యాటరీ వేరుగా ఉంచుట అంతకంటె మేలు.

సముద్రము మీద బ్యాటరీకి శత్రువులు మూడు: కుదుపు, ఉప్పు, అశ్రద్ధ. కుదుపునకు పలకల మీది ముద్ద రాలి అడుగున చేరి లోలోపలనే కలిపివేయును. కావున పెట్టె కదలకుండ బిగింపవలెను. ఉప్పుగాలికి తీగ కొసలు పచ్చబడును. వాటిని తుడిచి, గట్టిగా బిగించి, పైన వాసెలిను పూయవలెను. నావ అడుగున చేరిన నీరు అందనంత ఎత్తున పెట్టుట అన్నిటికంటె ముఖ్యము. సముద్రపునీరు బ్యాటరీలోని ఆమ్లముతో కలిసినచో క్లోరిన్ అను విషవాయువు పుట్టును. జలాంతర్గామి నావలలో పనిచేసినవారు దీనికే జంకెడివారు. ఛార్జి అగునపుడు వెలువడు హైడ్రోజను మండునది, గనుక గాలి ఆడవలెను. దగ్గర బీడి వెలిగింపరాదు. మూతలు విప్పు రకమైనచో పలకలు మునుగునట్లు బట్టిపట్టిన నీరు పోయవలెను. బావినీరు, వాననీరు పనికిరావు. మూత విప్పనక్కరలేని బ్యాటరీలు వచ్చిన తరువాత ఈ శ్రమ తగ్గినది; తీగలను తుడుచు శ్రమ తగ్గలేదు.

ఎక్కువ బ్యాటరీలు చచ్చునది సముద్రములో కాదు, ఒడ్డున. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఇంజను నావల వేట నిషిద్ధము. నావను ఇసుక మీదికి లాగి, వలలు బాగుచేసికొని, ఇంజనుకు నూనె మార్చుదురు. బ్యాటరీని ఎవరును తలపరు. అది ఎండలో ఉండి తనంతట తానే తరిగిపోవుచు, పలకలపై తెల్లని గట్టి పొర కట్టుకొనును. ఆ పొర ముదిరిన పిమ్మట ఎంత ఛార్జి చేసినను పూర్వపు బలము రాదు. దానిని విప్పి నీడకు చేర్చి, నెలకొకసారి నిండుగా ఛార్జి చేసినచో చాలును. చిన్న సౌరఫలకము ఉన్నచో ఆ పనియు తప్పును.

జూన్ 14 అర్ధరాత్రి దాటగానే మొగలవద్ద ఇంజనులు మ్రోగును. బయలుదేరుటకు ముందు వోల్టుమీటరు పెట్టి చూచినపుడు, విశ్రాంతిలో ఉన్న బ్యాటరీ 12.6 చూపవలెను. 12.2 అనినచో సగమే మిగిలినది. సంఖ్య చూచిన తరువాత 16వ ఛానెలు మీద ఒకమాట పలికి, ఒడ్డునుండి బదులు వచ్చునో లేదో వినవలెను. రెండు నిముషముల పని.